అరవై రెండో అధస్సూచిక

పగలు నేను కంటైనర్ల లెక్కలు రాస్తాను
మనామా రేవు దగ్గర, క్లియరింగ్ ఆఫీసులో:
ఉల్లిపాయలు నలభై టన్నులు, టైల్సు, కుళాయి సామాను.
రాత్రి ముహర్రక్‌లో, సైకిళ్ళ కొట్టు మీది గదిలో
ఇంకొకడి లెక్కలు తెనిగిస్తాను.

మీర్జా ఫసీహ్ వాడి పేరు.
మూడేళ్ళుగా ఒకే గదిలో ఉంటున్నాం కనక వాడు అనే అంటాను.
గోల్కొండ నుంచి షా కొలువుకి పోయే రాయబారి వెంట
కలందాను చంకన పెట్టుకుని బందరులో ఓడెక్కాడు.

కానుకల పట్టీయే పదకొండు పుటలు.
కలంకారీ తానులు ఎన్ని, ఏ అంచు,
ఏనుక్కి రోజుకి ఎంత బెల్లం,
ఎన్నో వజ్రం మీద వెంట్రుకంత గీత ఉందో అదీ.
ఓడ నడిపినవాళ్ళందరికీ కలిపి ఒకే మాట: కళాసీలు.
నాకు కోపం రాకూడదు.
నా ఫారంలోనూ డ్రైవరు పేరుకి గడి లేదు.

గాలి తప్పి ఓడ ఈ దీవుల దగ్గర లంగరు వేసింది.
పీపాల్లో నీరు పాచి పట్టింది.
ఇక్కడి మనుషులు తోలుతిత్తులతో సముద్రంలోకి మునిగి
అడుగున ఉబికే తీపి ఊట నింపుకొచ్చారట.
మీర్జా నమ్మలేదు. నాలిక మీద వేసుకుని నమ్మాడు.
తిత్తికి ఎంత ఇచ్చారో రాశాడు.
ఆ కిందనే,
"కళాసీల్లో ఒకడు చేయి చాచి, నీలూ, నీలూ, అన్నాడు. అంతట"

అంతట, పురుగు తినేసింది.
పెసరగింజంత కన్నం.

నాకు ముందు ఈ ప్రతిని అచ్చుకి దిద్దిన పండితుడు
కింద చిన్నక్షరాల్లో తేల్చేశాడు:
నీల్ అంటే నీలిమందు. ఓడలో ఆ సరుకు ఉండి ఉండాలి.
కళాసీ తన వాటా అడుగుతున్నాడు కాబోలు.
ఎనభై ఏళ్ళుగా అందరూ దాన్నే ఎత్తి రాసుకున్నారు.
నేనూ రాశాను. రెండుసార్లు ప్రూఫు కూడా చూశాను.

మొన్న ఆగస్టులో, మిట్టమధ్యాహ్నం,
గేటు దగ్గర లారీ దిగుతూ మెట్‌పల్లి పోశెట్టి
ఎండిన గొంతుతో అన్నాడు:
"అన్నా, నీల్లు."

పెన్నుకి మూత పెట్టడం మరిచిపోయాను.
సాయంత్రానికి చొక్కా జేబంతా నీలం.

పారసీకంలో ళ లేదు.
వాడేం చేస్తాడు, విన్నదాన్ని
తన దగ్గరున్న అక్షరాల్లో సర్దాడు.
అర్థం కాలేదని కొట్టెయ్యలేదు.
ఏనుగు బెల్లం రాసిన చేతికి
అందుకే ఆ రాత్రి దండం పెట్టాను.

శుక్రవారం దష్తీ గారికి చెప్పాను.
పాత రేడియోలు బాగుచేస్తారు, నాకు పారసీ నేర్పిందీ ఆయనే.
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
"అడిగాడా? చూపించాడా?" అన్నారు.

అది నాకు తట్టలేదు.
దాహమై అడిగాడా,
ఉప్పు నడుమ తీపి చూసి,
కృష్ణ ఇసకలో చెలమ తవ్వే పిల్లాడు
వేళ్ళు తడవగానే కేక పెట్టినట్టు పెట్టాడా?
అంతట తాగాడా, అంతట పోయాడా?
కన్నానికి క్రియ ఉండదు.

"మా నాన్న మునిగేవాడు ఆ ఊటలకి," అన్నారు దష్తీ గారు
ఇస్తికాన్‌లో చాయ్ పోస్తూ.
"ఇప్పుడక్కడ మట్టి పోసి మేడలు కట్టారు."
ఆయన చెయ్యి కూడా చాచే చూపించింది, కిటికీ వైపు.

ఇక తెలుగులో పెడితే ఇంకో చిక్కు.
"నీళ్ళు, నీళ్ళు, అన్నాడు."
చదివేవాడు ఆగడు. ఆగడానికి అందులో ఏముంది?
పుస్తకం మొత్తంలో నేను అనువదించని మాట అదొక్కటే,
అదే ఎవరికీ కనపడదు.

అందుకని గమనిక మూడు పేజీలు రాశాను:
నీలిమందు ధరలు, ళకారం, పండితుడి పొరపాటు,
పోశెట్టి.
కొట్టేశాను. మళ్ళీ రాశాను. కొట్టేశాను.
కింద రోడ్డు మీద ఎవరో సైకిలు బెల్లు సరిచూస్తున్నారు.

ప్రస్తుతానికి ఇంతే ఉంది:

62. మూలంలోనూ ఇదే మాట.